స్కూల్లో ఫ్లాటులో ఉంటున్నామని చెప్పుకున్నాడు, వాడిని ఊరికి పంపేయమంటారా?

ప్రశ్న:

హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మెన్ కుటుంబంగా ఉంటున్న ఒక తల్లి పెద్ద ఉత్తరం రాశారు. పేర్లు తీసేసి అందులో ముఖ్యమైన సంగతులు ఇక్కడ చెప్తున్నాను.

వాళ్ళది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబర్‌లో వచ్చిన తిత్లీ తుఫానుకి ఉన్న కాస్త కొబ్బరి తోటా జీడి చెట్లూ పడిపోయాయి, మళ్ళీ మొక్కలేసినా కొబ్బరి కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది కానీ అప్పులవాళ్ళు అన్నేళ్ళు ఆగరు కదా, అందుకని భార్యాభర్తలిద్దరూ హైదరాబాద్ వచ్చేశారు. ఆయన మోటర్లు, ట్యాంకర్లు, కార్లు కడగడం చూసుకుంటారు, ఈమె మెట్లు ఊడ్చి నాలుగు ఫ్లాట్లలో పని చేస్తారు. సెల్లార్‌లో ఒక్క గది. వచ్చేటప్పుడు ఐదేళ్ళ పెద్దోడిని నాన్నమ్మ దగ్గర వదిలేసి వచ్చారు, పాప ఇక్కడికొచ్చాకే పుట్టింది. బాబుని ఐదో తరగతి అయ్యాక తెచ్చుకుని దగ్గర్లోని చిన్న ప్రైవేటు స్కూల్లో ఆరులో వేశారు, ఇప్పుడు ఏడు చదువుతున్నాడు.

మొదట్లో వాడి యాసకి క్లాసంతా నవ్వేవాళ్ళట. ఏడాది తిరిగేసరికి యాస మొత్తం మార్చేసుకున్నాడు, హిందీ కూడా వచ్చేసింది, కానీ ఇంట్లో అమ్మ మాట్లాడితే "అలా మాట్లాడకు" అని విసుక్కుంటున్నాడు. స్కూల్లో మాది నాలుగో ఫ్లోర్‌లో ఫ్లాటు, నాన్న ఆఫీసులో చేస్తాడు అని చెప్పుకున్నాడు. అదే అపార్ట్‌మెంట్ పిల్లాడొకడు ఈ ఏడాది ఆ స్కూల్లో చేరి "వీళ్ళ నాన్న మా కారు కడుగుతాడు" అని అందరి ముందు అనేశాడు, వీడు కొట్టాడు, ఆ పిల్లాడి పెదవి చిట్లింది. స్కూలు వాళ్ళు పిలిపించారు, విషయం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ దాకా వెళ్ళింది, పని పోతుందేమోనని తండ్రి వాడిని ఫ్లాట్ల వాళ్ళ ముందే బెల్టుతో కొట్టాడు. అప్పట్నుంచి తండ్రితో మాటల్లేవు. పేరెంట్స్ మీటింగ్‌కి నువ్వు రావద్దు అని తల్లితో చెప్పాడు. "నన్నే రావద్దంటే ఇంక ఎవరికోసం ఇక్కడ అంట్లు తోముతున్నాను" అని రాశారావిడ. నాన్నమ్మ ఊరికి పంపేయమంటోంది, తండ్రి హాస్టల్లో వేసేద్దామంటున్నాడు, తీసుకొచ్చి వాడిని చెడగొట్టుకున్నామా అని ఈమె అడుగుతున్నారు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో బాబు చేసిన తప్పుల గురించి చాలా వివరంగా ఉంది, వాడి మంచి మాత్రం మధ్యమధ్యలో ఒక్కో ముక్కగా వచ్చి పోయింది, బహుశా అవి మీకు పెద్ద విషయాల్లా అనిపించి ఉండవు. నేను వాటిని ఏరి పక్కన పెట్టుకున్నాను. రోజూ చెల్లిని కూర్చోబెట్టి చదివిస్తాడు. ట్యాంకర్ వాళ్ళతో నాన్న బదులు హిందీలో తనే మాట్లాడతాడు. అసోసియేషన్ గ్రూప్‌లో ఇంగ్లీషులో వచ్చే మెసేజ్‌లు నాన్నకి చదివి చెప్తాడు. మీకు జ్వరం వస్తే ఎవరూ చెప్పకుండానే మెట్లు ఊడ్చేశాడు, అదీ తెల్లారకముందే, ఎవరూ చూడకుండా. రాత్రి పడుకునే ముందు నాన్నమ్మకి ఫోన్ చెయ్యనిదే ఉండడు.

పిల్లల మనసు ఎలా ఉందో చూడటానికి డాక్టర్లు చాలా దేశాల్లో వాడే ఒక ప్రశ్నల పత్రం ఉంది, రాబర్ట్ గుడ్‌మన్ అనే బ్రిటిష్ సైకియాట్రిస్ట్ తయారుచేసినది, 1997లో వచ్చింది. అందులో 25 వాక్యాలుంటాయి, చాలావరకు భయాలు, కోపం, నిలకడ, తోటిపిల్లలతో ఇబ్బందుల గురించే. కానీ ఐదు మాత్రం వేరే రకం, ఎదుటివాళ్ళ మనసు పట్టించుకుంటాడా, తనకున్నది పంచుకుంటాడా, ఎవరికైనా దెబ్బ తగిలితే సాయం చేస్తాడా, తనకంటే చిన్నవాళ్ళతో దయగా ఉంటాడా, అడక్కుండా సాయానికొస్తాడా అని. మీరు రాసినవాటిని బట్టి ఈ ఐదింట్లో చాలావాటికి మీవాడి దగ్గర అవును అనే జవాబు ఉంది. కాబట్టి చెడగొట్టుకున్నామా అన్న దానికి నా సమాధానం ముందే చెప్పేస్తున్నా, లేదు. వాడు చెడిపోలేదు, అలసిపోయాడు, సిగ్గుతో నలిగిపోతున్నాడు. కోపం, అబద్ధం ఉన్నాయి, వాటిని చూసీచూడనట్టు వదిలేయమని అనట్లేదు, కానీ అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో చూడకుండా పిల్లాడిని ఇంకో చోటికి మారిస్తే అవి కూడా వాడితోపాటే వెళ్తాయి.

ముందు వాడి వైపు నుంచి ఒకసారి లెక్క చూడండి. ఐదేళ్ళప్పుడు అమ్మానాన్నా వెళ్ళిపోయారు. మీరు వాడి కోసమే వెళ్ళారు, అది నిజం, కానీ ఐదేళ్ళ పిల్లాడికి తెలిసేది అమ్మ లేదు అన్నది ఒక్కటే. తర్వాత నాన్నమ్మే అమ్మ అయింది, ఊళ్ళో స్నేహితులు, తోటలు, ఒక లోకం ఏర్పడింది. పదేళ్ళు దాటాక ఒక రోజు ఆ లోకాన్ని కూడా వదిలేసి పలాసలో ఫలక్‌నుమా ఎక్కాడు. ఇక్కడికొస్తే అమ్మానాన్నలతో తను ఎన్నడూ లేనంత దగ్గరగా ఒక చెల్లి ఉంది, అందరికీ ఒకే గది, ఊళ్ళో సర్కారు బడిలో హిందీ మొదలయ్యేదే ఆరో తరగతిలో, ఇక్కడ పక్క పిల్లలు ఒకటో క్లాసు నుంచి చదువుతున్నారు. మనం పిల్లాడిని తెచ్చుకున్నాం, కుటుంబం కలిసింది అనుకుంటాం, వాడికి మాత్రం అదే టైములో నాన్నమ్మ దూరమైంది. గల్ఫ్ వెళ్ళిన తల్లుల ఇళ్ళల్లో కూడా ఇదే చూస్తాం, ఏళ్ళ తర్వాత కలిసినప్పుడు పిల్లలు పరుగెత్తుకొచ్చి కౌగిలించుకోకపోతే తల్లికి గుండె పగిలిపోతుంది, ఆ పిల్లలకేమో ఆ తల్లితో మళ్ళీ కొత్తగా అలవాటు పడటానికి టైం కావాలి. మీకు ఆ టైం ఎవరూ ఇవ్వలేదు, వచ్చిన వారానికే స్కూలు, పని, ట్యాంకర్లు మొదలైపోయాయి.

అందుకే వాడు మిమ్మల్ని మీటింగ్‌కి రావద్దన్నది మీ మీద ప్రేమ లేక అని అనుకోకండి. నాకు అర్థమైనంతవరకు వాడికి సిగ్గు మీరంటే కాదు, మీతో జనం మాట్లాడే తీరు అంటే. మీరే రాశారు, ఫ్లాట్లలో చిన్నపిల్లలు కూడా మీ ఆయన్ని "ఏయ్ వాచ్‌మెన్" అంటారని, మీకు టీ వేరే గ్లాసులో ఇస్తారని. వాడు రెండేళ్ళుగా ఇది చూస్తున్నాడు. పన్నెండేళ్ళ వయసులో పిల్లలకి స్నేహితుల ముందు ఎలా కనిపిస్తున్నాం అన్నదే ప్రపంచం, అలాంటి వయసులో వాడి నాన్నకి రోజూ ఏం మర్యాద దొరుకుతుందో చూసి, ఆ మర్యాద లేనితనం తనకి అంటకుండా నాలుగో ఫ్లోర్ ఫ్లాటు ఒకటి కల్పించుకున్నాడు. తప్పే, కానీ ఎవరినో మోసం చేసి ఏదో సంపాదించడానికి చెప్పిన అబద్ధం కాదిది. తన పరువు కాపాడుకోవడానికి చెప్పినది.

ఈ అబద్ధం విషయంలో మీ ముందు రెండు మూడు దారులున్నాయి. స్కూల్లో అందరి ముందూ నిజం ఒప్పించడం ఒకటి, మీ ఆయన అలాగే అన్నారని రాశారు. దయచేసి అది వద్దమ్మా, అలా చేస్తే వాడు నిజం చెప్పడం నేర్చుకోడు, ఇంకా బాగా దాచడం నేర్చుకుంటాడు, స్కూలు మీదే విరక్తి వస్తుంది. ఏమీ జరగనట్టు ఊరుకోవడం రెండోది, కొన్నాళ్ళు ప్రశాంతంగా ఉంటుంది కానీ ఆ కల్పించిన ఫ్లాటుని వాడు పదో తరగతి దాకా మోస్తూ తిరగాలి. మూడోది నాకు నచ్చినది, ఇంట్లో మీరొక్కరే వాడితో కూర్చుని, తిట్టకుండా, "నువ్వెందుకు అలా చెప్పావో నాకు తెలుసు నాన్నా, ఇంకెవరైనా అడిగితే మాత్రం మా నాన్న ఈ అపార్ట్‌మెంట్ చూసుకుంటాడు, మేం అక్కడే ఉంటాం అని చెప్పు చాలు" అనండి. అందులో అబద్ధం లేదు, అంతకంటే ఎక్కువ చెప్పాల్సిన పనీ లేదు, ప్రతివాడికీ మన ఇల్లు చూపించాల్సిన బాధ్యత పిల్లాడికి ఉండదు. వాడు వెంటనే సరే అనకపోవచ్చు, గోడ వైపు తిరిగి పడుకోవచ్చు, అయినా మాట వాడి చెవిలో పడుతుంది.

కొట్టడం మాత్రం వేరే సంగతి. ఆ పిల్లాడు అన్న మాట ఎంత గుచ్చుకున్నా చెయ్యి చేసుకోవడం తప్పని వాడికి స్పష్టంగా చెప్పాలి, పెదవి చిట్లేలా కొట్టినందుకు సారీ చెప్పించండి. కానీ కొట్టినందుకు మాత్రమే, వాచ్‌మెన్ కొడుకుగా పుట్టినందుకు కాదు, ఈ తేడా మీ మాటల్లో కనిపించాలి. వీలైతే ఆ పిల్లాడి అమ్మతో మీరు ఒక్కరే వెళ్ళి మాట్లాడండి, మావాడు కొట్టింది తప్పేనమ్మా, మీ బాబు కూడా అలా అందరి ముందు అనకుండా చూడండి అని. చెప్తే పని పోతుందేమో అన్న భయం మీకుంటుంది, ఆ మనిషి ఎలాంటిదో నాకన్నా మీకు తెలుసు, మాట వినే రకం కాదనిపిస్తే ఈ పని క్లాస్ టీచర్‌కి వదిలేయండి.

ఇక మీ ఆయన సంగతి. ఆయన కొట్టింది కోపంతో కాదు, భయంతో, ఈ గది పోతే నలుగురూ రోడ్డు మీద పడతామని. నాకు అర్థమవుతుంది. కానీ పిల్లాడికి అలా అర్థం కాలేదు, మా నాన్నని తక్కువ చేసిన వాళ్ళ ముందే మా నాన్న నన్ను తక్కువ చేశాడు, నాన్న పరువు కోసం నేను కొడితే నాన్న వాళ్ళ పక్క నిలబడ్డాడు, ఇదే వాడి మనసులో ఉంది. అందుకే మాటలు మానేశాడు. బెల్టు అస్సలు వద్దు, ఇంకెప్పుడూ వద్దు, స్కూల్లో టీచర్ కూడా కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది, కొడితే చర్య తీసుకుంటారు, అలాంటిది ఇంట్లో మనమే చేస్తే వాడు ఎక్కడికి పోతాడు? ఈ మౌనాన్ని విప్పాల్సింది మీ ఆయనే, మీరు మధ్యలో ఎంత రాయబారం నడిపినా సరిపోదు. పెద్ద మాటలు అక్కర్లేదు. ఒక రోజు మోటర్ వేసేటప్పుడు పక్కన పిలిచి "ఆ రోజు పని పోతుందని భయపడ్డానురా, అందరి ముందు కొట్టకుండా ఉండాల్సింది" అంటే చాలు. తండ్రి భయపడ్డానని కొడుకుతో చెప్తే లోకువైపోతాడని మన మగవాళ్ళు అనుకుంటారు, పన్నెండేళ్ళ కొడుకు దగ్గర మాత్రం జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం.

వాడు చేసే పనుల గురించి కూడా ఒక మాట. హవాయి దీవుల్లో కవాయి అని ఒక దీవి ఉంది, అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే సైకాలజిస్ట్ తన బృందంతో కలిసి దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. ఆ కుటుంబాల్లో చాలామంది చెరకు తోటల కూలి కోసం జపాన్, ఫిలిప్పీన్స్ లాంటి చోట్ల నుంచి వలస వచ్చినవాళ్ళ వంశమే. పేదరికం, ఇంట్లో గొడవలు లాంటి కష్టాలు పేరుకుపోయిన ఇళ్ళల్లో పెరిగినా ఆ పిల్లల్లో దాదాపు మూడో వంతు మంది చక్కగా, నలుగురికీ పనికొచ్చే మనుషులుగా ఎదిగారు. వాళ్ళందరిలో కనిపించిన ఒక విషయం, చిన్నప్పుడు కనీసం ఒక్క పెద్దమనిషితో గట్టి బంధం ఉండటం, అది కన్నతల్లే కానక్కర్లేదు, అవ్వ అయినా తాత అయినా సరే. మీవాడికి ఆ మనిషి మీ అత్తగారు. ఐదేళ్ళు వాడిని మీరు వదిలేశారని బాధపడుతున్నారు కానీ వాడిని ఆవిడ చేతుల్లో పెట్టి వచ్చారు, ఇవాళ వాడిలో ఉన్న ఆ దయ చాలావరకు అక్కడిదే అయ్యుండొచ్చు. అందుకే ఆ రాత్రి ఫోన్ మాత్రం ఎప్పుడూ కట్ చేయకండి, తప్పు చేస్తే శిక్షగా అయినా సరే.

ఆ పరిశోధనలో ఇంకొకటి కూడా తేలింది, ఇంట్లో తన అవసరం నిజంగా ఉందనిపించే పని పిల్లలకి బలాన్నిస్తుందని. చెల్లిని చదివించడం అలాంటిదే, ఉండనివ్వండి, మెచ్చుకోండి. కానీ అసోసియేషన్ వాళ్ళు మీ ఆయన్ని తిడుతూ పెట్టిన మెసేజ్ కూడా వాడే చదివి నాన్నకి వినిపించాలా? ఆలోచించండి, నాన్నని ఎవరో అవమానించిన మాటలు కొడుకు నోటితో చెప్పించడం అది. ఫోన్‌లో మెసేజ్‌ని పైకి చదివి వినిపించే సదుపాయం, తెలుగులోకి మార్చే సదుపాయం ఉన్నాయి, వాడి చేతే ఒకసారి నేర్చుకోమనండి మీ ఆయన్ని, నేర్పినందుకు వాడికి గర్వంగానూ ఉంటుంది, ఆ బరువూ దిగుతుంది. ఫ్లాట్ల వాళ్ళు పిల్లాడిని పిలిచి పాలు తెమ్మని, కారు తుడవమని చెప్తున్నారని కూడా రాశారు, అది ఆపండి. జీతం మీ ఇద్దరికి, వాడికి కాదు. "వాడికి చదువుకునే టైం సార్" అని నవ్వుతూనే చెప్పండి, ఒకరిద్దరు మొహం మాడ్చుకుంటారు, పర్వాలేదు.

ఇప్పుడు అసలు మీరడిగినది, ఎక్కడ ఉంచాలి అన్నది.

ఊరికి పంపితే నాన్నమ్మ ఉంది, పాత స్నేహితులున్నారు, వాడికి ఊపిరి ఆడుతుంది, అది నిజంగా లాభమే. కానీ నాన్నమ్మకి వయసు మీద పడుతోంది, మోకాళ్ళ నొప్పులని మీరే అన్నారు, ఎనిమిది తొమ్మిది తరగతుల కుర్రాడిని ఆవిడ ఒక్కతే చూసుకోవడం వేరు, ఐదేళ్ళ పిల్లాడిని చూసుకోవడం వేరు. పైగా ఈ గొడవ జరిగిన వెంటనే పంపితే వాడికి అర్థమయ్యేది ఒక్కటే, తప్పు చేస్తే మా అమ్మానాన్న నన్ను మళ్ళీ వదిలేస్తారు అని. హాస్టల్ విషయంలో కూడా నా భయం ఇదే. గురుకులాల్లో మంచి తిండి, చదువు ఉన్నాయి, ఎందరో కూలీల పిల్లలు అక్కడ చదివి పైకొచ్చారు, కానీ అక్కడ ప్రధానంగా ఐదో తరగతిలోనే పరీక్ష పెట్టి తీసుకుంటారు, పై తరగతుల్లో ఖాళీలుంటేనే సీటు, మీరు ఆంధ్ర నుంచి వచ్చారు కాబట్టి కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఏవి చెల్లుతాయో ముందే కనుక్కోవాలి. అసలు విషయం అది కాదు, మీ ఆయన అన్న "వేసేద్దాం" అన్న మాటతో పంపితే మాత్రం వద్దు. వాడే చూసి, ఇష్టపడి వెళ్తే అది వేరే కథ.

మీరు తలవని దారి ఇంకొకటుంది, ఇక్కడే సర్కారు హైస్కూలు. నగరంలో ఈ బడుల్లో చాలామంది మీలాంటి ఇళ్ళ పిల్లలే, పాలమూరు నుంచి, విజయనగరం నుంచి, ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన మేస్త్రీల, వాచ్‌మెన్ల పిల్లలు, అక్కడ సెల్లార్ గది ఒక వింత కాదు. ఫీజు డబ్బులు మిగులుతాయి. స్కూలు వాళ్ళు ఫీజు బాకీ అని టీసీ ఆపినా, టీసీ ఆలస్యమైందన్న కారణంతో సర్కారు బడి అడ్మిషన్ ఆపకూడదని విద్యాహక్కు చట్టంలోనే ఉంది, ఎనిమిదో తరగతి దాకా ఇది వర్తిస్తుంది. నష్టం ఏంటంటే మధ్యలో మారిస్తే అవమానం జరిగిన చోటు నుంచి పారిపోయినట్టు ఉంటుంది, పైగా ఇన్నాళ్ళకి వాడు సంపాదించుకున్న ఒకరిద్దరు స్నేహితులు పోతారు. ఫ్లాటు లేదని తెలిశాక కూడా వాడితో కలిసి తింటున్న అబ్బాయి ఒకడున్నాడని రాశారు చూడండి, ఆ ఒక్క స్నేహం నా దృష్టిలో చాలా పెద్దది.

అందుకని నేనైతే ఈ ఏడాది పరీక్షలయ్యేదాకా ఎక్కడికీ కదపను. ఇప్పుడు మారే ఆలోచన లేదని, ఎవరూ నిన్ను ఎక్కడికీ పంపట్లేదని వాడికి నోరు తెరిచి చెప్పండి, ఈ భరోసా లేకుండా మిగతావేవీ పనిచేయవు. ఎండాకాలం సెలవులకి నాన్నమ్మ దగ్గరికి పంపండి, శిక్షగా కాదు, సెలవుగా. వచ్చాక ఈ స్కూలా, సర్కారు బడా, ఊరా అన్నది వాడిని కూడా కూర్చోబెట్టి మాట్లాడండి, తుది నిర్ణయం మీదే అయినా ఈసారి వాడిని అడిగి తీసుకోండి, ఇంతవరకు వాడి జీవితంలో పెద్ద మార్పులన్నీ వాడిని అడక్కుండానే జరిగాయి. ఏ బడిలో చదివినా స్టడీ సర్టిఫికెట్ మాత్రం తీసుకుని దాచండి, మన రెండు రాష్ట్రాల్లో లోకల్, నాన్‌లోకల్ లెక్క ఏ క్లాసులు ఎక్కడ చదివాడన్న దాని మీదే తేలుతుంది, రేపు కాలేజీ, ఉద్యోగం దగ్గర అవసరం పడుతుంది.

పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్ళాలి అనే నా అభిప్రాయం. మానేస్తే, దాచుకోవాల్సిందేదో ఉందని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. కానీ ఈసారికి జనం మధ్య కాకుండా ముందు రోజో తర్వాత రోజో క్లాస్ టీచర్‌ని విడిగా టైం అడిగి వెళ్ళండి, వాడికి చెప్పే వెళ్ళండి, చాటుగా కాదు. మీ మాట మీ యాసలోనే మాట్లాడండి. వాడు ఐదేళ్ళు నాన్నమ్మ దగ్గరే ఉన్నాడని, వచ్చి రెండేళ్ళే అయిందని, హిందీ ఇక్కడే మొదలుపెట్టాడని టీచర్‌కి చెప్పారా? చాలాసార్లు వాళ్ళకి ఇవేమీ తెలియవు, కోపిష్టి పిల్లాడు అనుకుని వదిలేస్తారు. చిన్న క్లాసు పిల్లలకి చదివి చెప్పే పని ఏదైనా వాడికి ఇవ్వమని అడగండి, అది వాడికి బాగా వచ్చిన పని, క్లాసులో వాడి పేరు ఆ గొడవతో కాకుండా ఇంకో దానితో వినిపిస్తుంది.

వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, స్కూలుకి వెళ్ళనని మొండికేయడం, ఆ ఒక్క స్నేహితుడితో కూడా మాట్లాడకపోవడం, చచ్చిపోతా లాంటి మాటలు, వీటిల్లో ఏది కనిపించినా సెలవుల దాకా ఆగకండి. 14416 టెలీ మానస్ నంబరు, ప్రభుత్వానిదే, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రైనా చేయొచ్చు. ఎవరైనా పిల్లాడిని కొడుతున్నా బెదిరిస్తున్నా 1098కి చేయండి. ప్రస్తుతానికి మీరు రాసినదాన్ని బట్టి అంత దూరం వెళ్ళలేదనే నాకనిపిస్తోంది, చెల్లికి ఇంకా రోజూ లెక్కలు చెప్తున్నాడంటే వాడు పూర్తిగా ముడుచుకుపోలేదు. ముందు మీ ఆయనతో మాట్లాడండి, ఆయన బాబుతో మాట్లాడాక ఏం జరిగిందో మళ్ళీ రాయండి.